మనవాళ్లు ఇంతమంది వచ్చినా మా కౌంటీ ఓటు ఎందుకు మారలేదు?

#1 ఫోర్సైత్_శ్రీను (కమ్మింగ్, జార్జియా)

అందరికీ నమస్కారం. ఎన్నికల పోస్టు అని మోడరేటర్లు కంగారు పడొద్దు. ఎవరికి ఓటెయ్యాలనే గొడవ కాదిది, నాకొచ్చిన ఒక అనుమానం మాత్రమే.

మేం కమ్మింగ్‌లో ఇల్లు కొనుక్కుని తొమ్మిదేళ్లయింది. అప్పట్లో మా సబ్‌డివిజన్ వెనకాల కోళ్ల షెడ్లుండేవి. గాలి ఇటు తిరిగితే కిటికీలు మూసుకోవాల్సిందే. ఇప్పుడా షెడ్ల చోట టౌన్‌హోమ్స్ లేచాయి, రోడ్డుకు అవతల నెయ్యి కారం ఇడ్లీ దొరుకుతోంది. పోయిన సంక్రాంతికి మా సందులో పదకొండు ఇళ్ల ముందు ముగ్గులున్నాయి.

2010 జనాభా లెక్కల్లో మా ఫోర్సైత్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఆసియా వాళ్లు నూటికి ఆరుగురు. 2020కి పద్దెనిమిది మంది. మొన్న 2024 నవంబర్ అధ్యక్ష ఎన్నికల ఫలితాలు చూస్తే మాత్రం రిపబ్లికన్ ట్రంప్‌కి మూడింట రెండు వంతుల ఓట్లు. 2020లోనూ ఇంచుమించు అంతే. ఊరు ఊరంతా మారిపోయినట్టు కనిపిస్తుంటే ఓటు మారకపోవడమేమిటి? మన ఓటు ఎటు పోయింది?

#2 లెక్కల_మాస్టారు (రాలీ, నార్త్ కరోలినా)

శ్రీను గారూ, ముందు ఒక్క ప్రశ్న. ఆ పదకొండు ముగ్గుల ఇళ్లలో ఓటు హక్కున్న వాళ్లు ఎందరు?

#3 ఫోర్సైత్_శ్రీను

మాస్టారూ, వాట్సాప్ గ్రూపు తెరిచి వేళ్ల మీద లెక్కపెట్టా. పెద్దవాళ్లు ఇరవై ఇద్దరు. సిటిజన్లు ఐదుగురు. వాళ్లలో ఒకాయన ఓటెయ్యలేదు, ఆ రోజు ఆయనకి ప్రొడక్షన్ రిలీజ్ ఉందట. మా ఇంట్లో పెద్ద సున్నా. ఐ-140 (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ పెట్టే పిటిషన్) అప్రూవ్ అయ్యి ఏడేళ్లు. వరసలో నా డేట్ రాకముందే నాకు బట్టతల వచ్చింది.

#4 లెక్కల_మాస్టారు

చూశారా, మీ జవాబు మీ సందులోనే ఉంది.

జనాభా లెక్కలు తీసేవాళ్లు ఇంట్లో ఉన్న ప్రతి తలనీ లెక్కపెడతారు. వీసా మీద ఉన్నవాణ్ణీ, నెలల పాపనీ, అందరినీ. ఓటు దగ్గరికొచ్చేసరికి జల్లెడ మీద జల్లెడ. పద్దెనిమిది నిండాలి, పౌరసత్వం ఉండాలి, పేరు జాబితాలో ఉండాలి, చివరికి ఆ రోజు ఇంట్లోంచి కదలాలి. మనవాళ్లలో సగానికి పైగా మొదటి రెండు జల్లెడల దగ్గరే మిగిలిపోతారు. ఫోర్సైత్‌లో మన పిల్లలు ఎక్కువ, వీసాలు ఎక్కువ. బడిలో చూస్తే సగం క్లాసు మనవాళ్లే అనిపిస్తుంది, పోలింగ్ దగ్గర చూస్తే ఎవరూ కనిపించరు.

ఇది మన ఒక్కరి సంగతీ కాదు. ఉత్తర జార్జియాలో విట్‌ఫీల్డ్ కౌంటీ ఉంది. డాల్టన్ అక్కడే, తివాచీల మిల్లులకు పేరు. ఆ మిల్లుల పని కోసం వచ్చి స్థిరపడిన లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) కుటుంబాలు కౌంటీ జనాభాలో మూడో వంతు దాటాయి. 2020లో అక్కడ ట్రంప్‌కి దాదాపు 70 శాతం. చాలామంది పెద్దలకు ఓటు లేదు, పిల్లలకు వయసు రాలేదు.

ఇంకో మాట. మీ కౌంటీ మారలేదన్నారు చూడండి, అది సగమే నిజం. 2012లో రిపబ్లికన్ అభ్యర్థి రోమ్నీకి అక్కడ 80 శాతం వచ్చింది. 2016లో ట్రంప్‌కి 71. 2020లో 66. ఎనిమిదేళ్లలో పద్నాలుగు పాయింట్లు జారడం చిన్న సంగతేం కాదు. 2016లో డెమోక్రాట్ హిల్లరీ క్లింటన్‌కి 23 వేల పైచిలుకు ఓట్లు పడితే నాలుగేళ్లకు బైడెన్‌కి 42 వేలు పడ్డాయి. కాకపోతే అదే నాలుగేళ్లలో ట్రంప్ ఓట్లు కూడా 70 వేల దగ్గర్నుంచి 85 వేలకు పెరిగాయి. అట్లాంటా నుంచి జీఏ 400 రోడ్డెక్కి వచ్చింది మనం ఒక్కళ్లమే కాదు కదా. మంచి బడులు, తక్కువ పన్నులు, చెరువు గాలి కావాలని వచ్చిన తెల్లవాళ్లూ వేలల్లో ఉన్నారు.

#5 గుంటూరు_బాబాయ్

మాస్టారు చెప్పింది మనకి కొత్తేముంది? మన దగ్గరా నియోజకవర్గం పేరు చెప్పగానే ఫలానా కులం ఇంత శాతం అని టీవీ వాళ్లు పలక మీద రాసి పెడతారు. ఫలితం రోజు పలక తుడుచుకుంటారు.

#6 మిల్లెడ్జ్‌విల్_డాక్టరమ్మ (బాల్డ్‌విన్ కౌంటీ, జార్జియా)

శ్రీను గారూ, ఏమీ అనుకోకండి, మీది ఇప్పుడు పల్లె కాదు. అమెరికా సౌత్‌లో (దక్షిణాది రాష్ట్రాల్లో) పల్లె కౌంటీ ఎలా ఉంటుందో నేను చెబుతాను.

నేను జే-1 వెయివర్ మీద ఇక్కడికొచ్చిన డాక్టర్ని. డాక్టర్లు రాని ఊళ్లో మూడేళ్లు పనిచేస్తే వీసా నిబంధన సడలిస్తారు, మనవాళ్లు చాలామంది ఇలాగే సౌత్ పల్లెల్లోకి వచ్చారు. మూడేళ్లని వచ్చి పందొమ్మిదేళ్లు ఉండిపోయాను. సిటిజన్‌ని కూడా అయ్యాను.

అంతర్యుద్ధం నాటికి జార్జియా రాజధాని మిల్లెడ్జ్‌విల్. ఇక్కడి మానసిక ఆసుపత్రి ఒకప్పుడు దేశంలోకెల్లా పెద్దవాటిలో ఒకటి. 1960ల్లో పన్నెండు వేల మంది రోగులుండేవారు. ఊళ్లో ప్రతి రెండో ఇంట్లో ఎవరో ఒకరు అక్కడ పనిచేసేవారని మా పెద్ద పేషెంట్లు చెబుతారు. ఇప్పుడా భవనాల కిటికీలకు చెక్కలు కొట్టేశారు, పెకాన్ చెట్లు మాత్రం కాస్తూనే ఉన్నాయి. ఆసుపత్రి చాలావరకు మూతపడ్డాక, జైళ్లు కూడా ఒక్కొక్కటే తగ్గాక, ఉద్యోగం వెతుక్కునే వయసున్నవాళ్లు అట్లాంటా వైపు వెళ్లిపోయారు.

మా క్లినిక్‌లో నాతో మొదటి రోజు నుంచి పనిచేస్తున్న ఒక నల్లజాతి నర్సమ్మ ఉంది. ముగ్గురు పిల్లలు. ముగ్గురూ అట్లాంటా చుట్టుపక్కలే. 2008లో ఆ ఇంట్లో ఐదు ఓట్లు, ఒకే కారులో వెళ్లి వేసొచ్చారట. మొన్న ఆవిడ ఒక్కతే వెళ్లింది. భర్త పోయాడు, పిల్లల ఓట్లు వాళ్లున్న చోటికి వెళ్లాయి. మధ్యాహ్నం భోజనం దగ్గర పీచ్ పండు బొమ్మున్న ఓటరు స్టిక్కర్ తీసి డబ్బా మూతకి అంటించుకుంది. "ఇంటికి ఒకటే స్టిక్కర్ ఇప్పుడు" అంది, అంతే.

బాల్డ్‌విన్‌లో నల్లజాతి వాళ్లు నూటికి నలభై పైచిలుకు. 2020లో బైడెన్ ఇక్కడ వెంట్రుకవాసిలో గెలిచారు. మొన్న ఇక్కడా, దగ్గర్లో ఉన్న వాషింగ్టన్, జెఫర్సన్ కౌంటీల్లోనూ ట్రంప్ గెలిచారు. టీవీలో "నల్లవాళ్లు పార్టీ మారారు" అని ఒకటే చర్చ. కొందరు మారారేమో, కాదనను. నేను చూసింది మాత్రం మారినవాళ్లకంటే వెళ్లిపోయినవాళ్లనీ, ఈసారి కదలనివాళ్లనీ.

#7 గుంటూరు_బాబాయ్

అమ్మా, ఒక సందేహం. పిల్లలు అట్లాంటాలో ఉంటే ఓటు రోజు ఊరికి రావచ్చు కదా? 2024 మేలో మా ఊరికి హైదరాబాద్ నుంచి ఎలా వచ్చారో చూడాల్సింది. పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు కిలోమీటర్ల కొద్దీ ఆగిపోయాయి. బస్సు దొరక్క మా మేనల్లుడు లారీ ఎక్కి వచ్చాడు. ఇరవై ఏళ్లుగా కూకట్‌పల్లిలో కాపురం, ఓటు మాత్రం తెనాలి దగ్గరే. రాష్ట్రం మొత్తం మీద 81 శాతం దాటింది పోలింగ్.

#8 మిల్లెడ్జ్‌విల్_డాక్టరమ్మ

బాబాయ్ గారూ, అసలు తేడా అక్కడే ఉంది. ఇక్కడ ఇల్లు మారి లైసెన్స్ మీద చిరునామా మారిస్తే ఓటు కూడా దాంతో పాటే మారుతుంది. సొంతూరి ఓటు అనేది ఉండదు. మీ మేనల్లుడు ఊరు వదిలినా ఓటు వదల్లేదు. మా నర్సమ్మ పిల్లలు ఊరితో పాటు ఓటునీ తీసుకెళ్లిపోయారు. అందుకే అట్లాంటా చుట్టూ ఉన్న కౌంటీలు అంత వేగంగా నీలమయ్యాయి (డెమోక్రాట్ల రంగు), మా వైపు కౌంటీలు ఎక్కువమంది మనసు మార్చుకోకుండానే ఎర్రబడ్డాయి (రిపబ్లికన్ల రంగు).

పక్కన హ్యాంకాక్ కౌంటీ ఉంది. అక్కడ నల్లజాతి వాళ్లు 70 శాతం దాకా ఉంటారు, మొన్న కూడా డెమోక్రాట్లకే వేశారు. కానీ ఊరే కరిగిపోతోంది. 2010లో 9,429 మంది, 2020లో 8,735. ఆసుపత్రి ఎప్పుడో మూతపడింది. గుండెపోటు వస్తే మా దగ్గరికి రావాలి, ముప్పావు గంట. అలాంటి చోట 2015 పట్టణ ఎన్నికల ముందు ఆ కౌంటీలోని స్పార్టా ఊళ్లో 180 మంది దాకా ఓటర్లు అసలు అక్కడ ఉంటున్నారో లేదో నిరూపించుకోవాలని సవాలు చేశారు. దాదాపు అందరూ నల్లజాతి వాళ్లే. షెరీఫ్ మనుషులు ఇళ్లకొచ్చి సమన్లు ఇచ్చారు. కేసు కోర్టుకెళ్లి చివరికి రాజీతో ముగిసింది. వెయ్యి మంది ఓటర్లుండే ఊళ్లో 180 అంటే ఎంతో ఆలోచించండి.

#9 సత్యం_మాట్లాడదాం

ఇవన్నీ సాకులండి. జనం ట్రంప్‌ని ఇష్టపడి ఓటేశారు. అది ఒప్పుకోలేక వలసలు, వీసాలు, జల్లెడలు అంటున్నారు. నేను సిటిజన్‌ని, అలబామాలో ఉంటాను, రిపబ్లికన్ ఓటరుని. పన్నులు, శాంతిభద్రతలు, లైన్లో నిలబడి వచ్చినవాళ్లకి న్యాయం. మనవాళ్లంతా ఒకవైపే ఉంటారని ఎవరు చెప్పారు మీకు?

#10 వ్యాలీ_రవి (మెకాలెన్, టెక్సస్)

సత్యం గారి చివరి మాటకి నా ఓటు. మా పక్క కౌంటీ చూడండి. స్టార్ కౌంటీ, మెక్సికో సరిహద్దు, నూటికి 97 మంది హిస్పానిక్, అంటే లాటినోలే. రంగు చూసి ఓటు చెప్పే పండితులకి ఇంతకంటే తేలికైన లెక్క ఉండదు. 2016లో క్లింటన్‌కి 79 శాతం. 2020లో బైడెన్‌కి 52. మొన్న ట్రంప్‌కి 57 పైనే. నూరేళ్లకు పైగా డెమోక్రాట్లను వదలని కౌంటీ. ఈ ఎనిమిదేళ్లలో జనం మారారా? అదే ఇళ్లు, అదే ఇంటిపేర్లు, ఆదివారం అదే చర్చి.

మారింది పని. బోర్డర్ పెట్రోల్‌లో (సరిహద్దు కాపలా దళంలో) ఉద్యోగం అంటే ఇక్కడ మన దగ్గర బ్యాంకు ఉద్యోగం లాంటిది, పెళ్లి సంబంధాలు వస్తాయి. చమురు బావుల మీదకి వారాల తరబడి వెళ్లే కుర్రాళ్లు ఉన్నారు. సరుకుల ధర పెరిగితే జీతం సరిపోని ఇళ్లు. వాళ్లని "వలస వచ్చినవాళ్ల ఓటు" అంటే నవ్వుతారు. మా తాతలు ఇక్కడే ఉన్నారు, సరిహద్దే మా మీదుగా జరిగింది అంటారు.

#11 లెక్కల_మాస్టారు

రవి, మంచి ఉదాహరణ ఇచ్చావు. మా రాష్ట్రంలో రాబిసన్ కౌంటీ కూడా అంతే. లంబీ అనే అమెరికా ఆదివాసీ తెగ వాళ్లు, నల్లవాళ్లు, తెల్లవాళ్లు ముగ్గురూ గట్టిగా ఉన్న పల్లె కౌంటీ. ఒబామా రెండుసార్లూ గెలిచారు. 2016లో ట్రంప్ గెలిచారు, 2020లో దాదాపు 59 శాతం. బట్టల మిల్లులు పోయాయి, పొగాకు పోయింది. అప్పటికి కేంద్ర ప్రభుత్వం తమను పూర్తి స్థాయి తెగగా గుర్తించలేదని లంబీల పాత కోపం. 2020 అక్టోబర్‌లో ట్రంప్ స్వయంగా అక్కడి లంబర్టన్ ఊరికి వచ్చి గుర్తింపు గురించి మాట్లాడి వెళ్లారు. అంతవరకు ఏ అధ్యక్షుడు వచ్చి వాళ్ల పేరెత్తాడు చెప్పండి?

సత్యం గారూ, మీతో నాకు పేచీ లేదు. జనం ఇష్టపడి వేశారు, నిజమే. కానీ ఒక కౌంటీ ఫలితం మారడానికి మూడు దారులుంటాయి. ఉన్నవాడు మనసు మార్చుకోవచ్చు, ఉన్నవాడు వెళ్లిపోవచ్చు, కొత్తవాడు రావచ్చు. స్టార్‌లో మొదటిది, డాక్టర్ గారి ఊళ్లో ఎక్కువగా రెండోది, ఫోర్సైత్‌లో మూడోది. మూడింటినీ ఒకే గాటన కట్టి టీవీలో మ్యాపుకి రంగేస్తే మనకేం అర్థమవుతుంది?

#12 పాతకాపు_జార్జియా

1993 నుంచి ఈ రాష్ట్రంలో ఉన్నవాణ్ణి, రెండు ముక్కలు కలుపుతా.

మీ పిల్లలంతా జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్ కోసం 3.7 జీపీఏ అంటూ టెన్షన్ పడతారే, ఆ మిల్లర్ ఎవరో తెలుసా? ఉత్తరాన కొండల్లో టౌన్స్ కౌంటీ, యంగ్ హారిస్ అనే చిన్న ఊరు ఆయనది. డెమోక్రాట్ గవర్నర్. లాటరీ డబ్బుతో హోప్ స్కాలర్‌షిప్ పెట్టింది ఆయనే. అదే మనిషి 2004లో రిపబ్లికన్ల మహాసభలో బుష్ తరఫున నిప్పులు చెరిగాడు. ఆ కొండలకి ఇప్పుడు ఫ్లోరిడా నుంచీ, అట్లాంటా నుంచీ రిటైరైన వాళ్లు వస్తున్నారు. చెరువు ఒడ్డున ఇల్లు, చేతిలో పింఛను, మంచి పోలింగ్ అలవాటు. టౌన్స్‌లో ఇప్పుడు ట్రంప్‌కి 80 శాతం చుట్టుపక్కల పడతాయి. కొత్త జనం అనగానే మన మొహాలే గుర్తుకు తెచ్చుకోకండి. తెల్ల జుట్టు కూడా వలసే.

1976 అధ్యక్ష ఎన్నికల్లో డెమోక్రాట్ కార్టర్ జార్జియాలోని 159 కౌంటీలనూ గెలిచాడు. ఒక్కటి కూడా వదలకుండా! సొంత రాష్ట్రం అభిమానం కొంత, పాత సౌత్ అలవాటు కొంత.

పల్లె కౌంటీల బలం గురించి ఇంకోటి. 1962 దాకా ఇక్కడ ప్రైమరీల్లో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో) కౌంటీకి ఇన్ని యూనిట్లని లెక్క. పెద్ద కౌంటీలు ఎనిమిదికి ఆరేసి, తర్వాతి ముప్పైకి నాలుగేసి, మిగిలిన 121 చిన్నవాటికి రెండేసి. అంటే అట్లాంటా ఉన్న ఫుల్టన్‌కి ఎంతమంది ఉన్నా ఆరే. మూడు కుగ్రామ కౌంటీలు కలిస్తే ఫుల్టన్‌తో సమానం. అభ్యర్థులు అట్లాంటా మొహం చూసేవాళ్లు కాదు. 1963లో సుప్రీంకోర్టు ఒక మనిషికి ఒక ఓటు అని దాన్ని కొట్టేసింది. మన దగ్గర డీలిమిటేషన్ మీద ఇప్పుడు జరుగుతున్న వాదన వింటుంటే నాకిది గుర్తొస్తుంది. అక్కడ మనం జనాభా పెరగని వైపున ఉన్నాం కాబట్టి మన బాధ వేరు.

#13 ఫోర్సైత్_శ్రీను

పాతకాపు గారూ, మా కౌంటీ పాత కథ కూడా మీకు తెలిసే ఉంటుంది. ఇల్లు కొన్నప్పుడు నాకెవరూ చెప్పలేదు.

#14 పాతకాపు_జార్జియా

చెబుతా. 1912లో ఫోర్సైత్‌లో ఉన్న నల్లజాతి వాళ్లని, వెయ్యిమందికి పైగా, బెదిరించి, ఇళ్లు తగలబెట్టి వెళ్లగొట్టారు. ఆ తర్వాత డెబ్బై ఐదేళ్లు అక్కడ నల్లవాళ్లు దాదాపు లేరు. 1987 జనవరిలో పౌర హక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ ఊరేగింపు చేస్తే రాళ్లు విసిరారు. వారం తిరిగేసరికి ఇరవై వేల మంది వచ్చి మళ్లీ నడిచారు. తర్వాత నెలలో ఓప్రా విన్‌ఫ్రీ వచ్చి కమ్మింగ్ నుంచే షో చేసింది. నేను కొత్తగా వచ్చినప్పుడు ఆఫీసులో నల్లజాతి మిత్రుడు ఒకడు "కమ్మింగ్ వైపు పెట్రోలు అయిపోకుండా చూసుకో" అనేవాడు. ఇప్పుడు అదే ఊళ్లో మీరు ముగ్గులేస్తున్నారు.

అందుకే ఫోర్సైత్‌ని పక్క కౌంటీలతో పోల్చకూడదంటాను. మిగతా చోట్ల ఓటు మారిందంటే నల్లజాతి మధ్యతరగతి రావడం పెద్ద కారణం. మీ దగ్గర వాళ్లు ఇప్పటికీ చాలా తక్కువ. వచ్చింది మనం, మనలో సగానికి పైగా ఓటు లేదు.

#15 బఫర్డ్_పిల్ల

హాయ్ అంకుల్స్, ఆంటీస్. అమ్మ ఈ థ్రెడ్ చూపించింది, తెలుగులో టైప్ చేయడం ఇప్పుడే నేర్చుకుంటున్నా, తప్పులుంటే సారీ. నేను మొన్న స్టూడెంట్ పోల్ వర్కర్‌గా చేశాను. పదహారు నిండితే చెయ్యొచ్చు. ఒక చర్చి హాల్లో పొద్దున ఆరింటి నుంచి రాత్రి దాకా.

మన అంకుల్ ఒకాయన వచ్చి లైసెన్స్ ఇచ్చారు. జాబితాలో పేరు లేదు. పౌరసత్వ ప్రమాణం అయ్యింది, పాస్‌పోర్ట్ కూడా వచ్చింది, కానీ ఓటరుగా పేరు నమోదు చేసుకోవాలని ఆయనకి తెలియదు. దానంతటదే వస్తుందనుకున్నారట. అక్టోబర్ గడువు దాటిపోయింది. ఆయన కూతుర్ని కూడా తీసుకొచ్చారు, ఫోటో కోసం. స్టిక్కర్ అయినా ఇవ్వొచ్చా అని నేను మేనేజర్‌ని అడిగా.

#16 గుంటూరు_బాబాయ్

ఇచ్చారా తల్లీ?

#17 బఫర్డ్_పిల్ల

పాపకి ఇచ్చారు.

#18 లెక్కల_మాస్టారు

దీనికి తిరగేసిన జాగ్రత్త కూడా చెప్పాలి. జార్జియాలో లైసెన్స్ పని మీద వెళ్తే ఓటరు నమోదు కూడా అక్కడే అయిపోతుంది. గ్రీన్‌కార్డ్, హెచ్‌1బి వాళ్లు పౌరుడినా అన్న గడి దగ్గర కళ్లు పెట్టుకుని చదవండి. పొరపాటున టిక్ పడితే రేపు ఇమ్మిగ్రేషన్ ఇంటర్వ్యూలో అది మెడకు చుట్టుకుంటుంది. ఓటు వేస్తే ఇంకా ప్రమాదం.

ఇంకోటి. దక్షిణాన స్టీవర్ట్ కౌంటీ చూడండి. 2020 లెక్కల్లో 5,314 మంది. అక్కడి లంప్కిన్ ఊళ్లో ఇమ్మిగ్రేషన్ నిర్బంధ కేంద్రం ఉంది, అందులో ఉన్నవాళ్లూ ఆ లెక్కలోకే వస్తారు. వాళ్లకు ఓటు లేదు, ఊళ్లో సొంత మనుషులూ లేరు, కానీ నియోజకవర్గాల గీతలు గీసేటప్పుడు ఆ తలలు బరువు తూగుతాయి. కాగితం మీద చూసి లాటినోలు పెరిగారు, ఓటు మారుతుంది అని ఎవడైనా వ్యాసం రాస్తే వాడు ఆ కంచె దాకా వెళ్లలేదని అర్థం.

#19 సత్యం_మాట్లాడదాం

మాస్టారూ, ఈ సంగతి నాకు తెలియదు. నా జిల్లాలో కూడా ఇలాంటి జైలు ఉంది, చూడాలి. మిగతా వాదన తర్వాత పెట్టుకుందాం.

#20 మిల్లెడ్జ్‌విల్_డాక్టరమ్మ

థాంక్స్‌గివింగ్‌కి మా నర్సమ్మ పిల్లలు ముగ్గురూ వచ్చారు. ఈ థ్రెడ్ గురించి చెప్పాను. పెద్దవాడు నవ్వి, అట్లాంటాలో అద్దె మోయలేక తిరిగొచ్చేద్దామా అనుకుంటున్నాడట. ఇంటి నుంచే పని, అమ్మ దగ్గరే ఉండొచ్చు అంటున్నాడు. ఇంటర్నెట్ ఎలా ఉంది అని నన్నడిగాడు. వాళ్ల ఇల్లు ఊరికి ఏడు మైళ్లు, అక్కడ వీడియో కాల్ నిలవదు. వైర్ వేస్తామని మూడేళ్లుగా చెబుతున్నారు.

#21 ఫోర్సైత్_శ్రీను

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాశారు, థాంక్స్. మాస్టారి జల్లెడ మాట మా సందు గ్రూపులో పెట్టాను, ప్రొడక్షన్ రిలీజ్ ఆయన ఇంకా రిప్లై ఇవ్వలేదు.

ఒక చిన్న అప్‌డేట్. మా పెద్దమ్మాయి న్యూజెర్సీలో పుట్టింది, మొన్ననే పదిహేడున్నర దాటింది. ఇక్కడ ఆ వయసుకే పేరు నమోదు చేసుకోవచ్చట, బఫర్డ్ పిల్ల పోస్టు చదివి నిన్న రాత్రి ఫారం తెరిచింది. మా ఇంట్లో మొదటి ఓటు దానిదే అవుతుంది. మధ్యలో ఆగి "నాన్నా, మనం ఏ పార్టీ?" అని అడిగింది. నాకేం తెలుసమ్మా, నాకు ఓటెక్కడిది అన్నాను. సరే అని తలుపేసుకుని మిగతాది నింపుకుంది.